కాలిన రాయి

దాచేపల్లి, పిడుగురాళ్ళ ప్రాంతపు సున్నపు బట్టీల చెంత ఒక పూట నిలిచి చూచినవారికి తెలిసిన సంగతియే: బట్టీలో వేసిన రాయి కాలి వెలికి వచ్చిన పిమ్మటను ఆకారమున రాయివలెనే యుండును. చేత నెత్తి చూచిననే అది తేలికయైనదని తెలియును; వేడికి బొగ్గుపులుసు వాయువు వెడలిపోగా శుద్ధమైన రాతి 100 పాళ్ళలో 56 పాళ్ళు మాత్రమే మిగులును. రూపము నిలిచి స్వభావము నశించిన యీ వస్తువును రాయి యనవలెనా, వలదా యను విచారము బట్టీ కూలికి లేదు. బేరగానికి అంతకంటెను లేదు. మనవారు పూర్వము రాచపుండనియు నేడు క్యాన్సరనియు పిలుచు వ్యాధికి చికిత్స చేయు వైద్యునకు మాత్రము అది తప్పించుకొనరాని ప్రశ్న. ఏలయన, కంతి కంటికి ఉన్నట్లే యున్నను అది బ్రతికియున్నదో లేదో ఆయన తేల్చుకొనవలెను.

ఈ ప్రశ్న మిక్కిలి సూక్ష్మముగా నెదురగునది కాంతిచికిత్సయందు. కాంతిని గ్రహించు నొక ద్రవ్యమును రక్తములోనికి ఎక్కించి, అది కంతిలో నిలిచిన పిమ్మట ఎఱ్ఱని లేజరు కాంతిని దానిపై ప్రసరింపజేయుదురు. ద్రవ్యము తానుగా చంపదు, ఆ కాంతి తానుగా కాల్చదు. ఆ రెండును ప్రాణవాయువుతో కూడిన చోటనే కణములను నశింపజేయు తీక్ష్ణశక్తి పుట్టును. మ్యూనిక్ నగరమున ఆస్కార్ రాబ్ అను వైద్యవిద్యార్థి ఏకకణజీవులయందు కనిపెట్టి 1900లో ప్రకటించిన యీ ధర్మమును, 1970 దశకమున అమెరికాలో థామస్ డోహర్టీ చికిత్సగా మలచెను. బావంచాలు పూసి ఎండలో కూర్చుండబెట్టు బొల్లివైద్యము మనవారికి పూర్వమే తెలియును. అందలి రసాయనక్రియ వేఱైనను, సూర్యుని నడిగి ఆరోగ్యము తెచ్చుకొను బుద్ధి ఒక్కటియే. విచిత్రమేమనగా, ఈ కాంతిచికిత్సకు వాడు ఫోటోఫ్రిన్ మందు పుచ్చుకొన్నవాడు నెలదినములకు పైగా ఎండ కన్నెఱుగక యుండవలెను. కల్లములలో మిరప ఎండు కాలమున పల్నాటి రైతునకు ఈ నియమము వ్యాధికంటె కష్టమేమో!

కంతిని కోయకయే దాని లోపలి బలమును తెలిసికొను నుపాయమొకటి, ఎమ్మారై యంత్రపు సోదరవిద్యయైన అయస్కాంత అనునాద స్పెక్ట్రోస్కోపీ. బలమైన అయస్కాంతక్షేత్రమున పరమాణుకేంద్రకములు తమకు తగిన రేడియో తరంగమునకు స్పందించుననియు, ఆ స్పందన అవి యే అణువులో నున్నవో దానిని బట్టి ఇంచుక మాఱుననియు తెలిసినది; ఇందలి మూలధర్మమును బ్లాక్, పర్సెల్ అను శాస్త్రజ్ఞులు 1946లో వేర్వేరుగా వెల్లడించిరి. భాస్వరపు స్పందనను ఇట్లు గ్రహించినచో, కణమునకు శక్తినిచ్చు ఏటీపీ మూడు శిఖరములుగను, ఫాస్ఫోక్రియాటిన్ ఒకటిగను, విడి ఫాస్ఫేటు మఱియొకటిగను పటముపై లేచును. కాంతి సోకిన కంతులలో ఏటీపీ క్రుంగి విడి ఫాస్ఫేటు పెరుగుట పరిశోధనశాలల జంతువులయందు గంటలలోనే కనబడినది. కంతి కుదించుకొనిపోవుటకు దినములు పట్టును.

ఈ శిఖరములు తెలుగువానికి పరాయివి కావు. భీమవరమున 1895లో పుట్టి, యౌవనమున రామకృష్ణ మఠమున సన్న్యాసి కాగోరి, తుదకు వైద్యుడై సముద్రము దాటిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కే తోడ 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏటీపీని కండరమునుండి వెలికి తీసెను. అదే యేట జర్మనీలో లోమాన్ కూడ ఏటీపీని కనుగొనెను. కండరమును నూఱి, రంగు తేల్చి ఆయన కొలిచినదానిని నేడు యంత్రము దేహమును గాయపఱుపకయే కొలుచుచున్నది. సన్న్యాసము దక్కనివానికి ఇంతకంటె గొప్ప తపఃఫలము వేఱొకటి యుండునని నేననుకొనను.

అయినను తార్కికుడు ఊరకుండడు. ఏటీపీ క్రుంగినది గనుక కణములు చచ్చినవనుట ప్రత్యక్షము కాదు, అనుమానము. పొగను బట్టి నిప్పు నూహించుట సాధువే గాని, నిప్పును బట్టి పొగ నూహించుట దుష్టమనియు, నడుమ తడికట్టె యను ఉపాధి కలదనియు నైయాయికులు హెచ్చరించిరి. ఇచట ఆ తడికట్టె రక్తనాళము. కాంతిచికిత్స కణములనే కాక కంతికి రక్తము తెచ్చు నాళములను సైతము మూసివేయును. రక్తము నిలిచిన చోట ప్రాణవాయువు లేక ఏటీపీ దానంతట తగ్గును. కణము చచ్చినందున తగ్గినదా, తగ్గినందున చావబోవుచున్నదా, లేక నాళము తెరచుకొన్న మఱునాడు మఱల లేచునా, ఒక్క పటము చెప్పజాలదు.

దాచేపల్లికి ఎగువన, సాగరు జలాశయము నడుమ మిగిలిన కొండ యే ఆచార్యుని పేర వెలసినదో ఆ నాగార్జునుడు విగ్రహవ్యావర్తని యను గ్రంథమున ప్రమాణవాదుల నడిగినది ఈ తీరు ప్రశ్నయే: ప్రమేయమును ప్రమాణము నిరూపించునన్న, ప్రమాణమును నిరూపించునదేది? అగ్ని తన్నును ఇతరమును వెలిగించునను సమాధానమును ఆయన అంగీకరింపలేదు. చీకటియే సోకని అగ్నియందు వెలిగింపవలసినదేమున్నదని త్రోసిపుచ్చెను. పరిశోధనశాలలోను ఇదియే గతి. పటముపై పల్లమున కర్థము, కంతిని కోసి సూక్ష్మదర్శినిలో చూచుటచేత తేలవలెను. సూక్ష్మదర్శినిలో చూచినదాని కర్థము, ప్రాణి బ్రతికిన దినములచేత తేలవలెను. ఒకటి మఱియొకదానికి ఊతయే గాని, స్వయముగా నిలిచినది ఏదియు లేదు. కొలతలన్నియు మిథ్యయని దీనినుండి తేల్చువారితో నాకు పొత్తు లేదు. ఊతలు పెక్కు కూడిన పందిరి నిలుచునే నిలుచును.

ఈ భాస్వరపు పరీక్ష నేటికిని పరిశోధనలయందే యెక్కువ. అది ఆసుపత్రి గుమ్మము దాటి వచ్చిన నాడు, "తగ్గిందా డాక్టరుగారూ?" అని పల్నాటి యిల్లాలు అడిగినచో, కంతి పరిమాణమును మాత్రము చూచి "లేదమ్మా" యనుటయు, ఏటీపీ పల్లమును మాత్రము చూచి "పోయిందమ్మా" యనుటయు రెండును తొందరపాటులే. బలము పడినదనియు, అది మఱల లేచునో లేదో రేపు చూడవలెననియు, లేచినచో కాంతిని మఱియొకసారి ఇచ్చుట గుఱించి ఆలోచింపవలెననియు చెప్పుట ఆమెకు ఋణపడిన మాట. ఆ మాట ఎంత పొడవైనను ఆమె వినగలదు.