సాక్షిభావమునకు అధికారి ఎవరు?

దిల్‌సుఖ్‌నగరు కోచింగ్ కేంద్రములకును హాస్టళ్ళకును ఎంత ప్రసిద్ధమో, సాయిబాబా మందిరమునకును అంత ప్రసిద్ధము. అచ్చటినుండి ఎల్.బి.నగరు వరకు సాగు రహదారి వెంట దుఃఖితునకు ఉచితముగా లభించు సలహా యొకటి కలదు: నీవు దేహమవు కావు, మనస్సువు కావు, కేవలము సాక్షివి, చూచుచుండుము. వేదాంతసారమైన ఈ మాటను ఆక్షేపించుటకు నేనెవ్వడను? అయినను, తన చేతులు తనవి కానట్లును, తన నోట మరియెవ్వరో పలుకుచున్నట్లును, గాజుతెర వెనుకనుండి తన బ్రతుకును తానే చూచుచున్నట్లును తల్లడిల్లు డిసోసియేటివ్ రోగికి ఇది ఔషధమగునా, అపథ్యమగునా?

అపథ్యమే యని నా యభిప్రాయము. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలమున ఇదే దిల్‌సుఖ్‌నగరులో జంట పేలుళ్ళు సంభవించినవి. అట్టి ఘోరము నడుమ చిక్కిన మనస్సు, భరింపరానిదానినుండి తొలగి దూరముగా నిలుచుట ఆ క్షణమునకు రక్షణయే. బాల్యమున ఇంటిలోనే హింసకు గురియైనవారికి ఆ క్షణము ఏండ్ల తరబడి సాగును. రక్షణ అలవాటై, అలవాటు రోగమగును. వేదాంతి చెప్పు సాక్షి సమస్తానుభవమును ప్రకాశింపజేయును, దేనినుండియు పారిపోడు. ఈ రోగిలోని సాక్షియో భయమునకు పుట్టినవాడు. అందుచేతనే యీ రోగుల విషయమున నేర్పరులైన చికిత్సకులు కన్నులు మూయించి చేయించు దీర్ఘధ్యానమును తొలినాళ్ళలో మానిపింతురు. కన్నులు తెరిపించి, పాదములను నేలపై నానించి, ఎదుటనున్న వస్తువుల పేర్లు చెప్పింతురు. గతమును త్రవ్వుటకును త్వరపడరు. మొదట నిలకడ, పిదప స్మృతులు, తుదకు సమన్వయము అను నీ క్రమమునకు మూలము పందొమ్మిదవ శతాబ్దాంతమున ఫ్రాన్సులో మనస్తత్వవేత్త పియేర్ జానే చేసిన కృషి. 1992లో మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ తన గ్రంథమున దానినే మూడు దశలుగా మరల నిరూపించెను. మన శాస్త్రకారులును వేదాంతశ్రవణమునకు ముందు అధికారి, అనగా దానికి తగినవాడు, ఎవ్వడని విచారించిరి గదా! ఆ విచారమును మరచినవారము మనమే.

పూనకము మాట వేరు. బోనాల వేడుకలలోని రంగమునాడు సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి సన్నిధిని పచ్చికుండపై నిలిచి భవిష్యవాణి పలుకు స్త్రీని రోగియని ఎవ్వరు ననరు. ఆచారము అంగీకరించిన ఆవేశమును ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణము సైతము రోగములలో చేర్చదు. కాని, పిలువకయే, వలదన్నను, దినదినము పూనకము వచ్చి కుములు కోడలి సంగతి అట్టిది కాదు. వచ్చినది అమ్మవారా కాదా యని ఆ యింటివారితో వాదమునకు దిగిన వైద్యుడు మరునాటికి వారిని పోగొట్టుకొనును. "ఎవరు వచ్చినారు, ఏమి అడిగినారు" అని అత్తగారి యెదుటనే అడుగువాడు, ఆ కోడలు ఏనాడును పైకి చెప్పలేని మాటను వినగలడు.

సాక్షిబోధకు మారుగా మన సంప్రదాయమునందే ఇట్టివారికి తగిన సాధన మొకటి కలదు: సంకల్పము. జంబూద్వీపమును పేర్కొని, శ్రీశైలమునకు ఏ దిక్కున నున్నామో, ఏ నదుల నడుమ నున్నామో, ఏ సంవత్సరము, ఏ తిథి, ఏ వారమో చెప్పి, తుదకు గోత్రమును పేరును ఉచ్చరించి గాని పురోహితుడు పూజకు పూనుకొనడు. దేశము, కాలము, నేను: మనోవైద్యుడు చెదరిన రోగిచేత మొట్టమొదట చెప్పింపజూచునవియు ఇవియే. గోత్రము తెలియనివానికిని, మంత్రమునందు నమ్మకము లేనివానికిని, ఎల్.బి.నగరు మెట్రో స్టేషను పేరును, నేటి వారమును, తన పేరును చాలును.