నాలుగు లైన్ల వార్త

ఒంగోలు

చిట్టితల్లికి,

నువ్వు పంపిన కటింగులన్నీ ఫోనులో పెద్దవి చేసుకుని చదివాను. ఇంటర్ అయిన వేసవిలోనే మండల విలేకరివయ్యావని మీ నాన్న చెబితే ముందు నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను, కొంచెం భయపడుతున్నాను కూడా.

బ్యానర్ వార్త ఎలా రాయాలని అడిగావు. అది ఇప్పుడే చెప్పను. బ్యానర్‌కు కాపలా చాలామంది ఉంటారు. మొదటి పేజీకి పోయే వార్తను బ్యూరో చూస్తుంది, డెస్క్ ఇన్‌ఛార్జి చూస్తాడు, అందులో పెద్దమనిషి పేరుంటే లాయరుకూ చూపిస్తారు. జిల్లా పేజీలో అడుగున పడే నాలుగు లైన్ల వార్తను ఎవరూ అంతగా పట్టించుకోరు. ఎడిషన్ టైము దగ్గర పడేసరికి సబ్ ఎడిటర్ ముందు అలాంటివి కుప్పలుగా ఉంటాయి. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను. అక్షరదోషాలు దిద్దుతాం, హెడ్డింగ్ పెడతాం, మిగిలిన జాగాకు సరిపడా కోస్తాం. అంతే. ఆ మనిషి నిజంగా ఆ పని చేశాడో లేదో డెస్క్‌కు తెలిసే దారి లేదు. తెలుసుకోగలిగింది ఆ ఊళ్లో ఉన్న నువ్వొక్కదానివే.

మన దగ్గర ఈ చిన్న వార్త మరీ పాతదేమీ కాదు. మండలాలు ఏర్పడింది 1985లో. ‘ఈనాడు’ జిల్లాకో చిన్న సైజు అనుబంధం తెచ్చింది 1989లో. మిగతా పత్రికలూ ఆ దారి పట్టాయి. అంతకుముందు పల్లె పేరు పేపర్లో పడాలంటే వరద రావాలి, హత్య జరగాలి, లేకపోతే మంత్రి రావాలి. ఆ తర్వాత చెరువు గట్టు తెగినా, బడికి పంతులు రాకపోయినా మర్నాటికి అచ్చులో ఉండేది. జనం మురిసిపోయారు. అయితే దానితోపాటు ఇంకొకటి కూడా వచ్చింది. ఢిల్లీ వార్తలో తప్పుంటే ఢిల్లీవాడు మన పేపరు చదవడు. నీ వార్తలో ఉన్న మనిషిని మాత్రం పొద్దున్నే టీకొట్టు దగ్గర నలుగురూ చూస్తారు.

రచయిత హెమింగ్వే పేరు వినే ఉంటావు. ఆయనా నీ ఈడులోనే, పద్దెనిమిదేళ్లకు, 1917లో అమెరికాలోని ‘కాన్సాస్ సిటీ స్టార్’ పత్రికలో చేరాడు. పోలీస్ స్టేషనూ, రైల్వే స్టేషనూ, ఆస్పత్రీ ఆయన బీటు. నీదీ దాదాపు అదే, మీ ఊరికి రైలు ఒక్కటే తక్కువ! పొట్టి వాక్యాలు రాయమని ఆ పత్రిక ఇచ్చిన నియమాల కాగితం గురించి అందరూ చెబుతారు. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది, ఆ మూడు చోట్లకూ ఆయన కాళ్లతో వెళ్లడం.

మీ మండలంలో విలేకరుల వాట్సాప్ గ్రూపు ఉందన్నావు. స్టేషన్ నుంచి ప్రెస్‌నోట్ అందులో పడుతుంది. ఒకరు దాన్ని సర్ది పెడితే మిగిలినవాళ్లు కాపీ కొడతారు. మర్నాడు అన్ని పేపర్లలోనూ ఒకే వార్త, ఒకే తప్పుతో సహా. గ్రూపులో ఉండొద్దని అనను. ఏం జరిగిందో తెలియడానికి అది చాలు, రాయడానికి మాత్రం చాలదు. స్టేషన్ ముందు నిలబెట్టిన కుర్రాడి వాళ్లమ్మ ఎక్కడో అక్కడే గోడ పక్కన ఉంటుంది. ఆమెను ఒక్క మాట అడుగు. ఆమె చెప్పేదంతా నిజం కావాలని లేదు. ఎస్సైగారు చెప్పేదీ అంతే.

‘పోలీసుల విచారణలో నేరం అంగీకరించాడు’ అని నీ కటింగుల్లో రెండింట్లో ఉంది. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ అదే చెప్పేది, కొత్త చట్టంలోనూ ఆ నియమం అలాగే ఉంది. జడ్జిగారు నమ్మకూడని మాటను నువ్వు ఊరి చేత నమ్మిస్తున్నావు. ‘పోలీసులు తెలిపారు’ అని చివర తగిలిస్తే సరిపోతుందనుకోకు. నిందితుణ్ని ‘దొంగ’ అని హెడ్డింగులో పెట్టడం డెస్క్ తప్పు, దానికి నిన్ను అనను.

ఒక సాయంత్రం మా ఆఫీసుకు ఒకాయన బస్సులో వచ్చాడు. చేతిలో పాత పేపరు కటింగు, దానితోపాటు కోర్టు తీర్పు. కేసు కొట్టేశారు. ‘అప్పుడు వేశారుగా సార్, ఇదీ వేయండి’ అన్నాడు. గొంతులో కోపం లేదు. మేం వేశాం, కానీ ఆ కటింగు చూపించి అప్పటికే వాళ్ల పిల్ల పెళ్లి సంబంధం ఎవరో చెడగొట్టారట. అరెస్టు పోలీసులే చెబుతారు కాబట్టి వార్తవుతుంది. విడుదల ఎవరూ చెప్పరు. నువ్వొక నోటుబుక్కు పెట్టుకో. పేరు రాసి అరెస్టు వార్త పంపిన ప్రతిసారీ కేసు నంబరు, తేదీ అందులో ఎక్కించు. అప్పుడప్పుడు కోర్టుకు వెళ్లి గుమస్తాను అడిగి చూడు. మీ గ్రూపులో ఎవరూ చేయని పని ఇది.

ఇంకొకటి చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ‘కడుపునొప్పి తాళలేక ఆత్మహత్య.’ ఈ హెడ్డింగ్ నా చేతులమీదుగా ఎన్నిసార్లు పోయిందో! ఇంటివాళ్లు చెప్పింది పోలీసులు రాసుకుంటారు, పోలీసులు రాసుకున్నది మనం రాస్తాం. నిజంగా కడుపునొప్పే కావచ్చు, అప్పు కావచ్చు, అత్తింట్లో మరేదో కావచ్చు. కారణం నీకు తెలియనప్పుడు తెలిసినట్టు రాయకు. ‘ప్రేమ విఫలమై’, ‘వివాహేతర సంబంధం’ అనే మాటలు ఎవరో అన్నారని అస్సలు రాయకు. చనిపోయినవాళ్లు వచ్చి ఖండించలేరు. ఏ మందు తాగారు, ఎలా చేశారు అనే వివరాలు వద్దు. అలాంటి వివరాలు, ఫొటోలు ఇవ్వొద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లోనే చెప్పింది. అదే బాధలో ఉన్న ఇంకో పిల్ల ఆ పేపరు చదువుతుంది. ‘గ్రామంలో విషాదఛాయలు అలుముకున్నాయి’ కూడా తీసెయ్. నువ్వు ఆ గ్రామానికి వెళ్లలేదని నాకు ఆ వాక్యంలోనే తెలిసిపోయింది.

పిల్లల విషయంలో చట్టమే ఉంది. పోక్సో కేసులో బాధితురాలి పేరొక్కటే కాదు, ఇల్లు, బడి, అమ్మానాన్నల పేర్లు, ఆమె ఎవరో పోల్చుకునే ఏ గుర్తూ రాకూడదు. ‘ఫలానా కాలనీలో ఫలానా బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్న బాలిక’ అని రాసి పేరు దాచానంటే ఎవరు నమ్ముతారు? తప్పు చేశాడని కేసు పెట్టిన మైనరు పిల్లాడికీ ఇదే వర్తిస్తుంది.

నీకొక వాటం ఉంది, గమనించావో లేదో. మిగతా విలేకరులు మగవాళ్లు. వాళ్లు అరుగు దాకా వెళ్తారు, ఇంట్లో మగవాణ్ని అడుగుతారు, వచ్చేస్తారు. నువ్వు వంటింట్లోకి పోగలవు. 1992లో మన పక్క జిల్లా నెల్లూరులో, దూబగుంటలో, రోశమ్మ అనే ఆవిడా మిగతా ఆడవాళ్లూ ఊళ్లోకి సారా రానివ్వబోమని అడ్డం తిరిగారు. సాయంత్రం చదువు కేంద్రాల్లో కూర్చుని మాట్లాడుకున్న మాటలే వాళ్లను అక్కడిదాకా తెచ్చాయి. ముందు అదొక ఊరి గొడవ, జిల్లా పేజీ సరుకు. ఆ పేజీలే ఒక ఊరి సంగతి పక్క ఊరికి మోశాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అదంతా పేపరు చేసిందని మా వృత్తివాళ్లు కొందరు గొప్పలు పోతారు. చేసింది ఆ ఆడవాళ్లు. పేపరు చేసిన మంచి ఏమిటంటే వాళ్లు అన్నదాన్ని అన్నట్టు అచ్చువేయడం.

ఇక డబ్బు. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన, నీకు వచ్చేది పెట్రోలుకు చాలదని నాకు తెలుసు. ప్రెస్‌మీట్‌లో కవరు ఇస్తే నవ్వుతూ ‘వద్దండీ’ అను. మొదటిసారే అను. రెండోసారి నుంచి అది కష్టం. బండి మీద ‘ప్రెస్’ అని రాయించుకుని హెల్మెట్ లేకుండా తిరగకు. కవరుకన్నా చిక్కు యాడ్‌లది. ఆగస్టు పదిహేనుకు, ఉగాదికి, నాయకుల పుట్టినరోజులకు టార్గెట్ ఇస్తారు. ఎవరి మీద వార్త రాయాలో ఆ సర్పంచి దగ్గరికే యాడ్ అడగడానికి వెళ్లాలి. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. నా కాలంలోనూ లేదు. యాడ్ ఇచ్చినవాడి మీద వార్త వచ్చినప్పుడు ఆపకుండా పంపు, ఆపితే డెస్క్ ఆపనీ. నీ దగ్గర ఆగకూడదు.

కాదనగలిగే ధైర్యం రావాలంటే పూట గడవడానికి దీనిమీదే ఆధారపడకూడదు. అందుకే డిగ్రీ మానకు. ఈ ఏడాది వద్దు, వచ్చే ఏడాది చూద్దాం అన్నావట. అలా అన్నవాళ్లు ఆ వచ్చే ఏడాది చేరడం నేను పెద్దగా చూడలేదు. అప్లికేషన్ గడువు దాటకముందే పెట్టు. రెగ్యులర్ కుదరకపోతే దూరవిద్య అయినా సరే. ఫీజు సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను. కటింగులు మాత్రం పంపుతూ ఉండు, చిన్నవి ముందు పంపు.

మీ అమ్మకు, తమ్ముడికి నా దీవెనలు.

మీ పెదనాన్న