చుక్కాని ఎవరి చేతిలో నున్నది?

ధ్యాన వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము



మన పిల్లల నోట "సైబర్‌స్పేస్" అను మాట వినుచున్నాము. విలియం గిబ్సన్ అను రచయిత 1982లో ఒక కథలో దీనిని వాడెను. లోకమందలి కంప్యూటర్లు, ఫోనులు ఒకదానితో నొకటి కలిసినప్పుడు ఏర్పడు, కంటికి కనబడని చోటు అని దాని భావము. మన దేశములో సామాన్య జనులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న తెరువబడెను. నేడది కూలికి పోవు తల్లి కొంగుముడిలో కూడ నున్నది.

"సైబర్" అను మాటకు మూలము ఓడ చుక్కాని పట్టువానికి గ్రీకు భాషలో నున్న పేరు. ఆ గ్రీకు మాటయే మన వాక్యభాగము 11వ వచనములో నున్నది. శతాధిపతి పౌలు హెచ్చరికను విడిచి ఆ నావికుని మాటను, ఓడ యజమానుని మాటను నమ్మెను. దక్షిణపు గాలి మెల్లగా వీచినందున అందరు సంతోషించి మంచిరేవులు విడిచిరి. కొంచెము సేపటికే పెనుగాలి కొట్టెను. సముద్రతీరపు వారమైన మనకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మెల్లని గాలిని చూచి మోసపోవుట ఎంత సులభము!

మన సంఘపు తల్లి యొకామెకు ఇట్లే జరిగెను. పోలీసు దుస్తులు ధరించినవాడొకడు ఫోనులో కనబడి, "నీ కుమారుని పేర మత్తుమందు పార్సిలు దొరికినది, ఎవరికిని చెప్పవద్దు, గది విడువవద్దు" అని బెదరించెను. ఆమె నగలు తాకట్టు పెట్టి సొమ్ము పంపెను. కుమారుడు క్షేమముగా పనిలోనే యుండెను. దీనిని "డిజిటల్ అరెస్టు" అని పిలుచుచున్నారు. మన దేశ చట్టములో అట్టి అరెస్టు లేనే లేదు.

అయితే మమ్మును ఎక్కువ బాధించినది వేరొకటి. ఆమె రెండు ఆదివారములు మన మధ్యనే కూర్చుండియు నోరు తెరువలేదు. నవ్వుదురేమో యని భయపడెను. ప్రియులారా, ఈ నేరములో మనకును పాలు లేదా? "ఈ ప్రార్థన పదిమందికి పంపనియెడల కీడు కలుగును" అను సందేశములను విచారింపక పంపినవారము మనమే. తెలియని అబద్ధమును మోసినవారము, మోసపోయినదానిని చూచి ఎట్లు నవ్వగలము?

ఆ రాత్రి నావికులు ఓడ వెనుక నుండి నాలుగు లంగరులు వేసిరి. మనమును నాలుగు వేయుదము.

మొదటిది, ఆగుట. బిట్రగుంట రైలు ఊరు. ఆవిరి యింజనుల కాలమున ఇక్కడ పెద్ద షెడ్డుండెను. ఎంత ఆలస్యమైనను ఎర్రదీపము దాటరాదని మన పెద్దలెరుగుదురు. "ఇప్పుడే పంపుము" అను మాటయే ఎర్రదీపము.

రెండవది, దాచుట. రహస్య సంఖ్యను, ఓటీపీని ఎవరికిని చెప్పరాదు. సొమ్ము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ను నొక్కనక్కరలేదు. నొక్కినయెడల సొమ్ము పోవును.

మూడవది, చెప్పుట. ఇంటివారితోను, కాపరితోను చెప్పుడి.

నాల్గవది, త్వరపడుట. మోసపోయిన గడియలోనే 1930 నంబరుకు ఫోను చేసినయెడల సొమ్ము చేతులు మారక ముందే బ్యాంకులో నిలుపుటకు అవకాశము కలదు.

తరువాత కొందరు నావికులు లంగరులు వేయునట్లు నటించి, పడవలో తామే తప్పించుకొన జూచిరి. వీరు ఓడలో నుండనియెడల ఎవరును తప్పించుకొనలేరని పౌలు శతాధిపతితో చెప్పెను. ఈసారి అతడు పౌలు మాట వినెను. ఓడ బ్రద్దలాయెను, సరకు పోయెను. అయినను 276 మందిలో ఒక్కడును నశింపలేదు.

ఆ తల్లి నగలు తిరిగి వచ్చునో రావో మేము చెప్పజాలము. కాని ఆమె ఒంటరిగా మునుగకుండ చూచుట మన చేతిలోని పని. ఈ వారము ఆమెవంటి వారి యింటికి వెళ్లుడి. తప్పు వెదకక, ప్రక్కన కూర్చుండి, ఫోను ఎట్లు వాడవలెనో ఓపికతో నేర్పుడి. యౌవనులారా, ఇది మీకు ప్రభువు అప్పగించిన పరిచర్య.

మన బ్రదుకు చుక్కాని ఆయన చేతిలో నుండును గాక. ఆమేన్.