మొటిమయు దేహాభిమానమును

మిస్సిసాగా శీతకాలమున, హీటరు గాలికి అప్పటికే పొడిబారిన చెక్కిళ్లపై, కెనడాలో మందుచీటీ లేనిదే ఈయని, మొటిమలకు వాడు అడాపలీన్ జెల్లును బఠాణీగింజంత తీసి పలుచగా పూసికొను తెలుగు బాలికను చూచి, దేహము నశ్వరమని నమ్మిన యింట ఈ ముఖాభిమానమేల యని పెద్దలు నొచ్చుకొనుట కలదు. కాని బూరుగుముండ్లవంటి యీ పొక్కులను ముఖదూషిక యను పేర సుశ్రుతసంహిత రోగములలోనే చేర్చినది; మందు పూయుట అభిమానమైనచో జ్వరమునకు కషాయము త్రాగుటయు నట్టిదే కావలెను గదా! (పూర్వకర్మఫలమనుచు పసిమనసును నొప్పించువారి వేదాంతము తమ పంటినొప్పినాడు కానరాదు.) గంటకొకమారు అద్దము చూచుట మాత్రము వేఱుమాట, అభిమానమును అచ్చట వెదకుట న్యాయము. ఈ జెల్లు తొలివారములలో చర్మమును ఎఱ్ఱబఱచి పొట్టురేపును. గుణము తెలియుటకు 8 మొదలు 12 వారములు పట్టును. ఫలముపై దృష్టి నిలుపక చేయవలసినది చేయుమను గీతోపదేశమునకు పదునాఱేండ్ల ప్రాయమున ఇంతకంటె కఠినమైన అభ్యాసము అరుదు. కావుననే మొదటి పక్షము ముగియకముందే ట్యూబును మూలబెట్టువారు పలువురు.