సీసాకున్న గోత్రం రొయ్యకు లేదా?

ఎం.ఏ.లో నా సహాధ్యాయి ఒకడు అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నగరాన స్థిరపడ్డాడు. తన యింట మిత్రులకిచ్చిన క్రియోల్ విందు వివరాలు యీమధ్య వ్రాసి పంపాడు. పచ్చి ఆల్చిప్పలతో మస్కడే అనే పుల్లని తెల్ల వైన్. రొయ్యలూ పీతలూ వేసిన గంబో అనే కారపు పులుసుతో కాస్త తీపిగల రీస్లింగ్. తీపి కారాన్ని చల్లారుస్తుంది, ఆల్కహాలు హెచ్చితే మంట పెరుగుతుంది. కనుక ఆ జోడింపు వట్టి డాబు కాదు. నేను పరిశీలించదలచినది వేరు. ప్రతి సీసా తెరిచేముందు దాని వూరూ, సంవత్సరమూ, తోట యజమాని పేరూ అతిథులకు చెప్పాడట. రొయ్యల పుట్టుపూర్వోత్తరాల మాట లేదు.

విందు చేసేవాడు అతిథికి రుచి ఒక్కటే బాకీపడతాడా, లేక ఆ రుచి వెనుకనున్న మనుషులను కూడా చూపాలా?

గంబోనే తీసుకుందాం. మధ్య ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న పేరే గంబో అయిందని పండితులు చాలామంది అంటారు. మన బెండకాయ పులుసుకు అది దూరపు చుట్టం. చిక్కదనానికి కలిపే ససాఫ్రస్ ఆకుపొడి చోక్టా ఆదివాసులు నేర్పినది. పిండిని కొవ్వులో ఎర్రగా వేయించడం ఫ్రెంచి పద్ధతి. అందులోకి వరి అన్నం. 1719లో లూసియానాకు వచ్చిన తొలి బానిస ఓడల నాయకులకు, వరి విత్తనంతోపాటు వరి పండించడం తెలిసిన మనుషులను కూడా కొని తెమ్మని ఆజ్ఞ వున్నది. విద్యను కావాలనుకున్నారు, విద్యావంతుణ్ణి సరుకుగా లెక్క వ్రాసుకున్నారు. యీ పులుసును ‘సంస్కృతుల సమ్మేళనం’ అని పొగిడేవారు, ఆ సమ్మేళనానికి ఎవరు నడిచివచ్చారో, ఎవరిని గొలుసులతో తెచ్చారో అడగరు.

పోనీ, గోత్రం చెప్పుకున్న సీసా అయినా అంతా చెబుతుందా? మస్కడే పండేది ఫ్రాన్సులో నాంత్ నగర పరిసరాల్లో. 18వ శతాబ్దంలో ఫ్రెంచి బానిస వ్యాపారానికి ప్రధాన రేవు ఆ నాంతే. 2012లో ఆ నగరం బానిసత్వ నిర్మూలన స్మారకాన్ని నదివొడ్డున తెరిచింది. సీసా మీది చీటీకి ఆ సంగతి పట్టదు.

ఇక రొయ్య. 2024లో అమెరికాకు రొయ్యలు అందరికంటె ఎక్కువ అమ్మినది మన దేశం. దేశంలో ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశ్. భీమవరం ప్రాంతపు చెరువులో పెరిగిన రొయ్య, ఆడకూతుళ్లు తల తీసి పొట్టు వొలిచాక, మంచుగడ్డలా సముద్రం దాటుతుంది. విదేశీ రొయ్య వడ్డించే హోటళ్లు ఆ సంగతి భోజన పట్టికలో చెప్పాలని లూసియానాలో 2025 జనవరి 1 నుంచి శాసనం అమలులోకి వచ్చింది. దిగుమతుల వల్ల ధరపడి చితికిన అక్కడి జాలరుల ఆక్రోశం న్యాయమైనదే. అయితే ‘విదేశీ’ అన్న ఒక్క మాటతో ఆ శాసనం తృప్తిపడుతుంది. వొలిచిన చేతికి ఎంత ముట్టిందో దానికి అక్కరలేదు. ఆ జాలరీ, యీ స్త్రీ ఒకరికొకరు శత్రువులుగా కనబడటం ఎవరికి లాభం?

అతిథుల ముందు యివన్నీ యెత్తితే విందు చెడుతుందంటారు కొందరు. అసలు రొయ్య తినడమే మానేయమంటారు మరికొందరు. మానినవాడి మనస్సు తేలికపడుతుంది. వొలిచేదాని కూలి పైసా పెరగదు. యీ రెండు వాదాలూ నాకు సమ్మతం కావు. ఆ న్యూ ఆర్లియన్స్‌లోనే నల్లజాతి వంటగత్తె లియా చేజ్ (1923–2019) వుండేది. నల్లవారూ తెల్లవారూ కలిసి తినడం శాసనవిరుద్ధమైన 1960 ప్రాంతంలో, డూకీ చేజ్ హోటల్ మేడమీది గదిలో పౌరహక్కుల ఉద్యమకారులు రెండు జాతులవారూ కలిసి కూర్చుని తమ పోరాట కార్యక్రమం నిర్ణయించుకునేవారు. వారికి గంబో వండిపెట్టినది ఆమె. ఆ హోటల్ నేటికీ నడుస్తున్నది.