సిరాబుడ్డిలోని సౌందర్యము

ఉపయోగమునకై పుట్టిన వస్తువు అందముగా నుండవలసిన పని యున్నదా? ఉన్నచో, ఆ అందమును జూచి మురియుట మనుష్యునకు గుణమా, బలహీనతయా? ఇట్టి ప్రశ్నలను పెద్దలు శాస్త్రములలో విచారించియున్నారు. మేము శాస్త్రజ్ఞులము గాము. మెట్రిక్యులేషను ముగించి, గుమాస్తాగిరిలో ప్రవేశించి, ముప్పదియైదేండ్లు కాగితముల మధ్య బ్రదికి, విశ్రాంతి పొందినవారము. అయినను ఈ ప్రశ్న గడప దాటి మా యింటిలోనికే వచ్చినది గనుక మాకు దోచినంత సమాధానము వెదకికొనక తప్పలేదు. సంఘమువారు ఈ సంచికలో మాకు కొంత చోటు దయచేసినందున ఆ విచారమును పాఠకమహాశయుల ముందుంచుచున్నాము.

మా నివాసము కోలారు బంగారు గనుల పట్టణము. 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. నాటి నుండి ఈ యూరి యువజనులకు బెంగుళూరే దిక్కు. తెల్లవాఱకముందే మారికుప్పము నుండి బయలుదేరు రైలులో పోయి, చీకటిపడిన పిదప తిరిగివచ్చువారు వేలకొలది యున్నారు. మా చిన్నమ్మాయియు వారిలో నొకతె. గడచిన సంవత్సరము ఆమెకు క్రొత్త యుద్యోగము దొరకినది. మొదటి జీతము వచ్చిన దినమున తల్లికొక చీరయు, మాకొక పుస్తకమును కొనితెచ్చెను.

అది చదువుకొను పుస్తకము కాదు, వ్రాసికొను పుస్తకము. కోమటి దుకాణములలో ఖాతాలు వ్రాయు పొడవాటి ఎఱ్ఱగుడ్డ అట్ట పుస్తకము వలెనే యున్నది. దారము కూడ చుట్టియున్నది. కాని అట్టమీద ఒక పిల్లి కళ్ళజోడు పెట్టుకొని, చెవిలో కలము దోపుకొని, లెక్కలు వ్రాయుచున్నట్లు బొమ్మ కలదు. ఇట్టి వింత వస్తువులను గీసి, కుట్టి అమ్ము దుకాణములు బెంగుళూరులో ఇప్పుడు మెండట. వెల అడిగితిమి. నాలుగు వందల యేబది రూపాయలనెను.

మాకు కోపము వచ్చినది. "మేము జన్మమంతయు మోసిన బరువును నీ వొక ఆటబొమ్మగా కొనితెచ్చితివా? ఈ డబ్బుతో ఇంటికి వారము దినముల బియ్యము వచ్చునే!" అంటిమి. అమ్మాయి కొంచెము సేపు ఊరకుండి, "బియ్యం కడుపుకు నాన్నా. ఇది కంటికి. కన్ను మాత్రం మన ఇంటిది కాదా?" అని, పుస్తకమును బీరువాలో పెట్టివేసెను. మరి దాని మాట యెత్తలేదు. అది మొదలు బెంగుళూరులో చూచిన వింతలను మాకు చెప్పుటయు మానివేసెను. ఆ మౌనము మాకు మూడు నెలలు గుచ్చుకొనుచునే యున్నది. కాని తండ్రి నోటి నుండి వచ్చిన మాటను వెనుకకు దీసికొనుట ఎట్లు?

ఒకనాడు ఏదో పాత పత్రము కొఱకు మా ట్రంకు పెట్టె వెదకుచుండగా, అడుగున పత్రికలలో చుట్టిన యొక కాగితము బయటపడినది. ముప్పదియేండ్లకు ముందు మేము పనిచేసిన యొక కార్యాలయములో పాత లెడ్జరులను తూకమునకు అమ్మివేసిరి. ఆ మూటలు కట్టుచున్నప్పుడు మేము ఒక లెడ్జరు అట్టలోపలి కాగితమును, ఎవరి నడుగకయే, చాకుతో కోసి సంచిలో వేసికొంటిమి. నీలము, ఎఱుపు, పసుపు రంగులు నీటిలో పాఱినట్లును, నెమలికన్నులు విరిసినట్లును ఉండు కాగితమది. లెడ్జరులు వాడినవారికి దాని నెఱుంగుట కష్టము గాదు. జిగురు కలిపిన నీటిమీద రంగులు చల్లి, దువ్వెనతో దువ్వి, దానిపై కాగితమును పఱచి తీయుదురు. ఒకసారి వచ్చిన చార మఱియొకసారి రాదు.

ఆ చారలు కేవలము సొగసునకు గావు. లెడ్జరు అంచులకు గూడ అదే రంగు పూయుదురు. ఎవరేని దొంగతనముగా నొక పుటను చింపినచో అంచున చార తెగి, మోసము కంటికి దెలియును. ఏ రెండు కాగితములును ఒకటిగా నుండవు గనుకనే, 1775లో అమెరికాలో అచ్చు వేసిన ఇరువది డాలర్ల నోటునకు ఒక అంచున ఇట్టి రంగుల కాగితము వాడిరి. కావున మేము అందమని మురిసినది నిజాయితీకి పెట్టిన కావలి. పుట చింపకుండుటకై పుట్టిన కాగితమునే మేము చింపి తెచ్చితిమి! కూతురు తన కష్టార్జితముతో కొనిన అందమును దూషించిన ఈ తండ్రి, అడుగక తీసిన అందమును ముప్పదియేండ్లు పెట్టెలో దాచియుండెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఈ విచారము ఆ రాత్రియే ప్రారంభమైనది.

ముందుగా వృథావ్యయమను ఆక్షేపణను చూతము. పేదవానికి అందముతో నేమి పని యందురు. మా బాల్యము గని కూలీల లైన్లలో గడచినది. మా తండ్రిగారు భూమిలోనికి దిగి పనిచేసినవారు. 1880లో జాన్ టెయిలర్ కంపెనీవారు ఇచ్చట పని ప్రారంభించినది మొదలు గనులు మూతపడువఱకు సుమారు 800 టన్నుల బంగారము ఈ నేల నుండి వెడలినదందురు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. శివనసముద్రము నుండి 1902లోనే ఈ గనులకు విద్యుత్తు వచ్చినది. ఇంతయు జరిగియు, మా తల్లిగారి మేన నున్న బంగారము ముక్కుపుడక మాత్రమే. ఊరికి మిగిలినవి రాతిపిండి దిబ్బలు. నేటికిని గాలి వీచినప్పుడు ఆ దుమ్ము ఇండ్లలోనికి వచ్చును.

అట్టి యింటి ముంగిట మా తల్లిగారు ప్రతి యుదయము ముగ్గు వేసెడివారు. ప్రక్క యింటి అరవ అమ్మగారివద్ద చుక్కల చుట్టు తిరుగు మెలికల ముగ్గు నేర్చికొని, వారికి మన పద్మముల ముగ్గు నేర్పిరి. ఒకనాటి ముగ్గు మఱునాడు వేసెడివారు కారు. షిఫ్టు దిగివచ్చు తండ్రిగారి కాళ్ళక్రిందనే అది చెరిగిపోయెడిది. "ఎందుకమ్మా, తొక్కేస్తారు గదా?" అని మేమొకప్పుడు అడిగితిమి. "తొక్కితేనే గదా నాయనా, రేపు ఇంకోటి వేసేది!" అనిరి. గుప్పెడు పిండితో గడచిన ఆ వేడుకను ఏ లెక్కల గుమాస్తా వృథావ్యయమని వ్రాయగలడు? పేదవానికి అందము అక్కఱలేదను మాట పేదవాడు చెప్పినది గాదు. అతనికి జీతమిచ్చువారు చెప్పినది. గుమాస్తాగిరిలో బడి మేమును ఆ మాటనే నేర్చికొంటిమి.

రెండవ ఆక్షేపణ మమకారము. చిన్న వస్తువులపై మోజు పెంచుకొన్న మనస్సు బంధములో పడునందురు. ఇది త్రోసివేయదగినది గాదు. మన కైవారపు నారాయణ తాతగారు మొదట గాజుల వర్తకము చేసిరని చెప్పుదురు. రంగురంగుల గాజులను మోసికొని తిరిగిన ఆ మహనీయుడే తుదకు యోగియై, తెలుగునను కన్నడమునను తత్త్వములు పాడెను. గాజుల మలారము విడిచినప్పుడు గదా ఆయనకు జ్ఞానము కలిగినదని యెవరైన అనవచ్చును. మేము చాల దినములు ఆ మాటతోనే మమ్ము సమర్థించుకొంటిమి. కాని ఆయన విడిచినది వర్తకము. గాజును చూచిన కన్నును విడువలేదు గదా!

మమకారమునకును ప్రీతికిని భేద మెచ్చట? ఇందుకు రెండు కథలు మాకు సాయపడినవి. రాజమహేంద్రవరమున రత్నముగారు చేసిన స్వదేశీ కలము నందుకొని 1935లో గాంధీజీ ఉత్తరము వ్రాసిన సంగతి తెలుగువారెఱుగనిది గాదు. ఆ మహాత్ముడే 1915లో బొంబాయి కాంగ్రెసు సమయమున వేలెడు కూడ లేని పెన్సిలు ముక్క కొఱకు బల్ల యంతయు వెదకెనని కాకా కాలేల్కరుగారు తమ జ్ఞాపకములలో చెప్పిరి. కాలేల్కరుగారు తమ పెన్సిలు నియ్యబోగా వలదనెను. అది మద్రాసులో నటేశన్ గారి చిన్న కుమారుడు ప్రేమతో నిచ్చినదట. ఆయన దానిని దాచిపెట్టలేదు. వ్రాసి వ్రాసి అరగదీసెను. అట్లు అరగినందుననే అది అంత చిన్నదైనది.

రెండవ కథ జపానుది. యనగి సోయెత్సు అను పండితుడు, సామాన్య జనుల చేతి వస్తువులలోనే నిజమైన సౌందర్యమున్నదని బోధించి, 1936లో టోక్యో నగరమున వాటి కొక ప్రదర్శనశాల నెలకొల్పెను. 1931లో ఆయన క్యోటో నగరమునందలి యొక మఠములో కిజయెమోన్ అను పేరుగల గిన్నెను చూచెను. కొరియా దేశపు బీదలు అన్నము తినుటకు అనామకుడైన కుమ్మరి చేసిన గిన్నె అది. తేనీటి వేడుకల పెద్దల కన్ను పడిన పిదప అమూల్యమైనది. పెట్టెలో పెట్టె, దానిలో మఱియొక పెట్టె, పట్టుగుడ్డ; ఇన్ని విప్పినగాని దర్శనము లేదు. బీదవాని యాకలి తీర్చిన గిన్నె తుదకు పెట్టెల పాలయ్యెను!

ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు మా ట్రంకు పెట్టె గుర్తునకు వచ్చినది. వస్తువు అరగిపోవునని భయపడి దాచినప్పుడు అది మమకారము. అరగుటకు ఒప్పుకొని వాడినప్పుడు అది ప్రీతి. మా తల్లిగారి ముగ్గు ప్రీతి. మేము కోసి దాచిన కాగితము మమకారము. అమ్మాయి తెచ్చిన పుస్తకము ప్రీతితోనే మా యింటికి వచ్చినది. దానిని బీరువా పాలు చేసినది మా మాట.

ఇంకొక సంగతి కలదు. అందమైన చిన్న వస్తువు కంటికి నచ్చి యూరకుండదు, చేతిని కదలించును. ఆ రాత్రి ఆ రంగుల కాగితమును చూచినప్పుడు, పూర్వము పెద్దలు ఇంటిలో కాచిన సిరా జ్ఞాపకమునకు వచ్చినది. మఱునాడు పచారీ దుకాణమునకు పోయి కరక్కాయలును అన్నభేదియు తెచ్చితిమి. కరక్కాయలను నలుగగొట్టి, నీటిలో నానవేసి, కాచి, వడగట్టి, అన్నభేది కలిపి, కొంచెము తుమ్మజిగురు చేర్చితిమి. ఈ సిరాకు ఒక వింత గుణము కలదు. వ్రాయునప్పుడు లేతగా నుండి, గాలి తగిలినకొలది నల్లబడును. కరక్కాయలోని వగరు, అన్నభేదిలోని ఇనుము కలిసి ఆ నలుపు పుట్టును. మనకు దూరము గాని శ్రీకాళహస్తిలో కలంకారీవారు చేయునదియు ఇంచుమించు ఇదియే. బట్టను కరక్కాయ రసమునను పాలలోను ముంచి యారవేసి, ఇనుప తునకలను బెల్లపు నీటిలో ఊరవేసిన కషాయములో వెదురు కలమును ముంచి గీయుదురు. గీసినచోట నలుపు తేరును. గుమాస్తా పద్దునకును, కలంకారీవాని రామాయణమునకును నలుపు ఒక్కటియే! ముప్పదియైదేండ్లు సిరాబుడ్డి ముందు కూర్చున్న మాకు ఈ సంగతి అఱువదియేండ్లు దాటిన పిదప తట్టినది. చూడవలసినది ఎదుటనే యుండెను. చూచు తీరిక మేమే యిచ్చుకొనలేదు.

ఆ సాయంకాలము రైలు దిగి వచ్చిన అమ్మాయికి సిరాబుడ్డిని, రంగుల కాగితమును చూపితిమి. కాగితము ఎట్లు వచ్చినదో దాచక చెప్పితిమి. ఆమె నవ్వునేమోనని భయపడితిమి. నవ్వలేదు. కాగితమును దీపమువద్ద అటు నిటు త్రిప్పి చూచి, "ఇంత బాగున్నదాన్ని ఇన్నాళ్ళూ ఒక్కరే చూసుకున్నారా నాన్నా?" అనెను. దొంగిలించితిరని యన్నను మాకు అంత సిగ్గు కలిగియుండదు. "నీ పుస్తకము నిమ్ము తల్లీ" అంటిమి. ఆమె లోపలికి పోయి తెచ్చెను.

ఖరీదైన వింతలన్నియు కొనవలసినదే యని మేము చెప్పుట లేదు. నాలుగు వందల యేబది రూపాయలు నేటికిని మాకు ఎక్కువగనే తోచుచున్నవి; ఆ మాట అమ్మాయితోడను అంటిమి, ఆమెయు ఒప్పుకొన్నది. కొనలేనివారికి అగ్గిపెట్టె మీది బొమ్మ యున్నది, శుభలేఖ అంచున్నది, కోలారు సోమేశ్వరాలయపు కల్యాణమంటప స్తంభములున్నవి, ఎవరింటి ముందైనను ముగ్గున్నది. కాని ఎవరైన ప్రీతితో ఒక చిన్న అందమును తెచ్చి మన చేతిలో పెట్టినప్పుడు, ముందుగా వెల అడుగరాదు. ఈ యొక్క పాఠము నేర్చికొనుటకు మాకు మూడు నెలలును, ఒక నిద్రలేని రాత్రియు పట్టినవి.

రంగుల కాగితము ఇప్పుడు మా యింటి పాలలెక్క పుస్తకమునకు అట్టగా నున్నది. మా గృహిణి చేతి పసుపు దానికొక మూల అంటినది. పిల్లి బొమ్మ పుస్తకములో ఈ వ్యాసమును మేము కాచిన సిరాతోనే వ్రాసితిమి. మొదటి పుట వ్రాయునప్పుడు అక్షరములు కనబడీ కనబడకుండెను. ముగించి వెనుకకు త్రిప్పునప్పటికి నల్లబడినవి.