మత్తులో పడిన బిడ్డను వదిలేద్దామా?



అల్లాహ్ మనిషికి ప్రసాదించిన అనుగ్రహాలలో బుద్ధి ఎంతో గొప్పది. మంచి చెడులను వేరుచేసేది అదే. అరబీలో ‘ఖమ్ర్’ అనే మాటకు మూలార్థం కప్పివేయడం. బుద్ధిని కప్పివేసేదే ఖమ్ర్ అని హజ్రత్ ఉమర్ (రజి) వివరించారు. కనుక సీసాలోని సారా మాత్రమే హరామ్, గంజాయి బీడీ, మత్తు కోసం మింగే బిళ్ళ హరామ్ కావు అనుకోవడం తగదు. మాయిదా సూరా 90వ వాక్యం మద్యాన్ని షైతాను పనిగా పేర్కొని, దానికి దూరంగా ఉండమని విశ్వాసులను ఆదేశించింది.

ఇక మన ప్రాంతం సంగతి చూద్దాం. హౌరా–చెన్నై రైలు మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి పలాస మీదుగానే పోతాయి. ఒడిశా సరిహద్దు కూడా దగ్గరే. జీడిపప్పు బయటి ఊళ్ళకు వెళ్ళే ఈ దారినే గంజాయి తరలించేవారూ వాడుకుంటున్నారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇప్పటికే ఎన్నో ఇళ్ళను కుంగదీసింది. తండ్రి డయాలసిస్ మీద ఉన్న ఇంట్లో కొడుకు మత్తుకు బానిస అయితే ఆ తల్లి ఎవరిని చూసుకోవాలి?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంతవరకు తేలలేదు. ‘తాగి తెచ్చుకున్నాడు’ అని రోగిని నిందించడం బద్‌గుమానీ, అది పాపం. అయితే దెబ్బతిన్న కిడ్నీకి నొప్పి బిళ్ళలు మరింత హాని చేస్తాయి. డాక్టరు చెప్పకుండా దుకాణంలో కొని మింగే అలవాటును తప్పక మానాలి.

దైవప్రవక్త (స) ఏం చేశారు?

మద్యం తాగిన నేరానికి ఒక వ్యక్తిని పలుమార్లు దైవప్రవక్త (స) సన్నిధికి తెచ్చి శిక్షించారని సహీహ్ బుఖారీలో ఉంది. ఒకసారి అక్కడున్నవారిలో ఒకరు అతణ్ణి శపించారు. దైవప్రవక్త (స) వెంటనే వారించారు. అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని చెప్పారు. గమనించండి! శిక్ష ఆగలేదు, కానీ శాపనార్థాలు ఆగాయి. తప్పును తప్పే అన్నారు, మనిషిని మాత్రం షైతానుకు వదిలిపెట్టలేదు. అతను ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ జారిపడినవాడు. మానేసిన కొడుకు నాలుగు నెలల తర్వాత మళ్ళీ మొదలుపెడితే ‘వీడింతే’ అని తలుపు వేసుకునే తల్లిదండ్రులకు ఇందులో పాఠం ఉంది.

ఇళ్ళలో జరుగుతున్నదేమిటి?

కొందరు పరువు పోతుందని దాచిపెడతారు. కొందరు కొడతారు. మరికొందరు ‘పెళ్ళి చేస్తే దారికొస్తాడు’ అంటారు. విషయం దాచి ఇంకొకరి కూతురి గొంతు కోయడం మోసం కాదా? రేపు అల్లాహ్ ముందు ఆ అమ్మాయి అడిగితే ఏం చెబుతాం?

గదిలో పెట్టి తాళం వేసే పద్ధతి మరీ ప్రమాదం. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగినవాడు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్, మతిభ్రమణం రావచ్చు. ప్రాణం కూడా పోవచ్చు. మానడం ఫర్జే, కానీ వైద్యుని పర్యవేక్షణలో మానాలి. ‘ఆ మందులూ మత్తే కదా’ అని కొందరి సందేహం. అవి ప్రాణం కాపాడడానికి వైద్యుడు కొలతతో కొద్దిరోజులు ఇచ్చేవి. ప్రతి రోగానికీ అల్లాహ్ మందును దించాడని దైవప్రవక్త (స) తెలిపారు. కాబట్టి దుఆ చేద్దాం, దానితోపాటు ఆసుపత్రికీ తీసుకెళదాం.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి పూర్తిగా బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మంది కూడా ఎవరో ఒకరి బిడ్డలే.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో చాలామంది గడప దాటరు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ అనే సెక్షను ఉంది. స్వల్ప పరిమాణంతోనో, వాడకంతోనో పట్టుబడిన బానిస స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స పూర్తిచేసుకుంటే, ఆ నేరానికి విచారణ నుంచి రక్షణ కల్పిస్తుంది. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవారికి మాత్రం ఇది వర్తించదు. సలహా కోసం 14446కు, మనసు కుంగితే టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా ఉంది.

మన బాధ్యత

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న పేద స్త్రీలు సారాకు ఎదురు నిలిచారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అక్షరం వచ్చీరాని తల్లులు అంత చేయగలిగినప్పుడు, వారం వారం మింబరెక్కి మాట్లాడే మనం ఎందుకు చేయలేం? జుమా ప్రసంగంలో మత్తు గురించి చెబుదాం. చికిత్స పొంది వచ్చిన కుర్రవాణ్ణి మొదటి వరుసలో మన పక్కన నిలబెట్టుకుందాం. అతనికి పని చూపిద్దాం. ఎందుకంటే పనీ తోడూ లేని సాయంత్రం అతణ్ణి పాత స్నేహితుల దగ్గరకే తీసుకెళుతుంది.

ఓ అల్లాహ్! మా పిల్లల బుద్ధిని కాపాడు. పడినవారికి తౌబా భాగ్యాన్ని, వారిని లేవనెత్తే ఓర్పును మాకు ప్రసాదించు. ఆమీన్.